అమ్మ పేరు కింద రాసిన పండ్ల ట్రేలు: ఒక పంజాబీ కుటుంబం తోట పంపకం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం, ఫ్రేజర్ వ్యాలీలో రైతు కుటుంబాల పన్ను లెక్కలు, ఆస్తి బదిలీలు చూడటం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పంజాబీలు. తెలుగువాళ్లు తక్కువ. వాళ్లకున్నవి తోటలు కావు, రెస్టారెంట్లూ కిరాణా షాపులూ. అయినా ఈ కేసు తెలుగులో రాస్తున్నానంటే, స్కూలు నుంచి రాగానే గల్లాపెట్టె దగ్గర కూర్చుని, అమ్మానాన్నల బదులు బ్యాంకుతో ఇంగ్లీషులో మాట్లాడుతూ పెరిగిన పిల్లలు మనలోనూ ఉన్నారు కాబట్టి. ఆస్తి పంపకం దాకా వచ్చేసరికి వాళ్ల ఇళ్లల్లోనూ ఇదే చిక్కు వస్తుంది. కుటుంబం ఆనవాలు దొరక్కుండా ఎకరాలు, డబ్బు అంకెలు, కొన్ని వివరాలు మార్చాను. చట్టం సంగతులు మాత్రం ఉన్నవున్నట్టే రాశాను.

నేపథ్యం

పెద్దాయనది జలంధర్ జిల్లా. 1970ల మొదట్లో వచ్చారు. అప్పటికే ఈ లోయకు పంజాబీలు పాత కాపులు. ఆబట్స్‌ఫర్డ్‌లోని గుర్ సిఖ్ గురుద్వారా కట్టింది 1911లో. దానికి కావలసిన కలపను మిల్లు నుంచి కూలీలు భుజాల మీద మోసుకొచ్చారు. ఈయన కూడా కలప మిల్లులోనే చేరారు. రాత్రి షిఫ్టు మిల్లులో, పగలు ఎవరిదో ఒకరి పొలంలో. మిల్లు జీతం బాగానే ఉండేది, పెన్షన్ కూడా. కానీ భూమి లేని జాట్‌కు (రైతు కులంవాడికి) ఊళ్లో తలెత్తుకునే దారి లేదని ఆయన గట్టి నమ్మకం. 1980ల మొదట్లో పది ఎకరాల రాస్‌బెర్రీ తోట కొన్నారు. తర్వాత పక్కనే ఇంకో పన్నెండు.

భార్యను పిల్లలు బీజీ అంటారు. సొంత తోట రాకముందు ఆమె మేస్త్రీ వ్యాన్లలో కోతలకు వెళ్లేది. పసిపిల్లల్ని చూసేవాళ్లు లేక తల్లులు పొలానికే తీసుకెళ్లి, చెట్టు నీడన పడుకోబెట్టి పనిలోకి దిగే కాలం అది. 1980లో కెనడియన్ ఫార్మ్‌వర్కర్స్ యూనియన్ ఏర్పడింది అలాంటి పరిస్థితుల్లోనే. సొంత తోట వచ్చాక మేస్త్రీ పోయాడు, పిల్లలు పనిలోకి వచ్చారు.

ముగ్గురు పిల్లలు: పెద్దమ్మాయి, కొడుకు, చిన్నమ్మాయి. రాస్‌బెర్రీ కోత జూన్ మూడో వారంలో మొదలై జూలై ఆఖరుకు అయిపోతుంది. ఎండ ముదరకముందే కాయ కొయ్యాలి. పెద్దమ్మాయి ఏడో ఏట నుంచి నడుముకు బకెట్ కట్టుకుని సాళ్లలోకి దిగింది. కింద ఉండే కాయ పెద్దవాళ్లకు అందదు, వంగితే నడుం పట్టేస్తుంది. అందుకని పొట్టివాళ్లకు కింది వరస. ముళ్లు గీరుకుని మోచేతుల దాకా చారలు పడేవి. ఇదంతా ఆమె నాకు ఫిర్యాదులా చెప్పలేదు. ఆ వేసవులు బాగుండేవని కూడా అంది.

పదేళ్లు దాటాక ఆమెకు ఇంకో పని అంటుకుంది. బ్యాంకు మేనేజరు ఎదుట నాన్న పక్కన కూర్చోవడం, కాయ కొనే ప్రాసెసర్ కంపెనీ నుంచి వచ్చిన తూకం కాగితాలు చదివి చెప్పడం, తనిఖీకి వచ్చినవాళ్లకు జవాబివ్వడం. ఇప్పుడు ఆమె సర్రేలో ఒక హాస్పిటల్లో పనిచేస్తోంది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మొన్నమొన్నటి దాకా కోతల సీజన్లో తోట జీతాల కాగితాలన్నీ ఆమే చూసేది.

కొడుకు ఇరవయ్యో ఏట కాలేజీ మానేశాడు. మిల్లులో నాన్న నడుం దెబ్బతింది, తోట చూసేవాళ్లు లేరు. అప్పటి నుంచి అతనే. రాస్‌బెర్రీ పీకేసి బ్లూబెర్రీ వేయించింది, కోత మెషీన్ కొన్నది అతనే. కోడలు పంజాబ్ నుంచి 2004లో వచ్చింది. మెషీన్ వెనక నిలబడి ఆకు, పచ్చికాయ ఏరేది ఆమె. చిన్నమ్మాయి టొరంటోలో ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

పెద్దాయనకు 77 ఏళ్లు, గుండెకు స్టెంట్ వేశారు. తోటలో ఎనిమిది ఎకరాలకు స్కార్చ్ వైరస్ తగిలింది. పేనుబంకతో వ్యాపించే తెగులు అది. మందు లేదు, మొక్క పీకి కొత్తది నాటాల్సిందే. నాటిన మొక్క నిండు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి అప్పు కావాలి. భూమి కొడుకు పేరు మీదికి వస్తేనే అప్పు ఇస్తామంది బ్యాంకు. లాయరు బదిలీ పత్రం తయారుచేశాడు. ఆడపిల్లలిద్దరూ 'మాకు అభ్యంతరం లేదు' అని సంతకం చేస్తే సరిపోతుంది. చిన్నమ్మాయి చేసి పంపింది. పెద్దమ్మాయి కాగితం తీసుకుంది. ఔనూ అనలేదు, కాదూ అనలేదు. నెలలు గడిచాయి. ఆ మధ్యలోనే తోట కాగితాలు చూడటం మానేసింది.

పెద్దాయన ఫైలు నా ముందు పెట్టి, "పన్ను ఎంత పడుతుందో చెప్పు బేటా, అంతే చాలు" అన్నారు.

పన్ను వరకు కష్టమేం లేదు. సాగులో ఉన్న భూమిని తల్లిదండ్రులు కెనడాలో ఉండే సంతానానికి బదిలీ చేస్తే, లాభం మీద పన్నును తర్వాతి తరానికి వాయిదా వేసుకునే వీలుంది. అది కాదనుకుంటే సాగుభూమి లాభం మీద జీవితకాల పన్ను మినహాయింపు ఉంది, 2024 జూన్ 25న అది ఒక్కొక్కరికి 12.5 లక్షల డాలర్లకు పెరిగింది. భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా. ఎటు చూసినా గట్టెక్కుతారు.

నేను అక్కడితో ఆగకపోవడానికి కారణం సంతకం లేని ఆ కాగితం. ఈ రాష్ట్రంలో వీలునామా న్యాయంగా లేదనిపిస్తే భార్య లేదా భర్త, సంతానం కోర్టుకు వెళ్లి మార్పించుకోవచ్చు. 2019లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి పంజాబీ ఇళ్లన్నిటికీ తెలుసు. 90 లక్షల డాలర్లు దాటిన ఆస్తిలో ఇద్దరు కొడుకులకు 93 శాతం, నలుగురు కూతుళ్లకు తలా లక్షన్నర డాలర్లు రాశారు తల్లిదండ్రులు. కోర్టు దాన్ని తిరగరాసి నలుగురు కూతుళ్లకు కలిపి 60 శాతం, కొడుకులకు 40 శాతం ఇచ్చింది. పెద్దాయన అసలు భయం అదే. అందుకే బతికుండగానే బదిలీ చేసేస్తే వీలునామా గొడవే ఉండదని ఎవరో చెప్పారట. అది సగమే నిజం. వీలునామా చట్టం అక్కడిదాకా రాదు, సరే. కానీ ఎదిగిన సంతానానికి ఊరికే ఇచ్చిన ఆస్తిని, కానుక అని రుజువయ్యేదాకా, తల్లిదండ్రుల తరఫున ట్రస్టుగా పట్టుకున్నట్టే కోర్టు భావిస్తుంది. 2007లో కెనడా సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పిన సూత్రం ఇది. అంటే అక్క అడ్డం తిరిగితే తమ్ముడు కొత్త మొక్కలు నాటిన భూమి మీదే దావా పడుతుంది. అలాంటప్పుడు అందరికంటే ముందు వెనక్కి తగ్గేది బ్యాంకే.

చట్టం సంగతి ఇలా ఉంటే నాకు ఇంకోటి కనిపించింది. డబ్బు కోసం కొట్లాడేవాళ్లు సాధారణంగా ముందు అంకె చెబుతారు. ఈ అమ్మాయి ఏ అంకే చెప్పలేదు.

చేసి చూసినవి, పొసగనివి

అందరికీ ముందు తోచేది సమాన భాగాలు. ఆ లెక్క వేసి చూపించడం నా పని. భూమి, ఇల్లు కలిపి 30 లక్షల డాలర్లు, అప్పు 6 లక్షలు, మిగిలేది 24. ముగ్గురికి తలా 8. కొడుకు భూమి ఉంచుకోవాలంటే అక్కకూ చెల్లెలికీ 16 లక్షలు ఇవ్వాలి. ఆ సొమ్ము అప్పు తెస్తే ఆరు శాతం వడ్డీయే ఏటా 96 వేలు. తోట మంచి ఏడాదిలో ఖర్చులు పోగా మిగిల్చేది 70 వేలు. మంచి ఏడాది అంటే కాయ ధర పౌను బరువుకు డాలరున్నర ఉన్న ఏడాది. 80 సెంట్లకు పడితే చేతినుంచి పెట్టాలి. 2021 జూన్ ఆఖరులో వచ్చిన ఎండకు కాయ చెట్టు మీదే ఉడికిపోయింది. అదే ఏడాది నవంబరులో సుమాస్ ప్రెయిరీ వరదలో కొట్టుకుపోయిన తోటల కంటే మేలనుకుని ఊరుకున్నారు. పోనీ భూమినే ముక్కలు చేద్దామంటే అది అగ్రికల్చరల్ ల్యాండ్ రిజర్వ్‌లో ఉంది. 1970ల నుంచి సాగుభూమిని ముక్కలు కాకుండా కాపాడుతున్న చట్టం అది, కమిషన్ అనుమతి లేకుండా విడగొట్టడానికి లేదు. సమాన భాగాలంటే తోట అమ్మకమే. అది ముగ్గురిలో ఎవరికీ వద్దు.

తర్వాత పెద్దాయన గురుద్వారాలో గౌరవమున్న ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తానన్నారు. నేను వద్దనలేదు. వయసులో, ఊళ్లో తన సాటివాడు చెబితే ఆయన వినే మాటలు కొన్ని ఉంటాయి, నేను చెబితే వినరు. కానీ ఆ పెద్దమనిషి మొదటి మాటే "ఆడపిల్లలకు పెళ్లిళ్లలో ఇచ్చాం కదా" అన్నాడు. అక్కడి నుంచి ఎవరి పెళ్లికి ఎంతయింది, ఎంత బంగారం పెట్టారు అనే లెక్కల్లో పడ్డారు. పెద్దమ్మాయి మధ్యలోనే కారెక్కి వెళ్లిపోయింది. ఈ మాట మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, దేశమంతా చేసిన దానికి ఇరవై ఏళ్ల ముందు. అయినా 'పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం' అనే మాటతో నోరు మూయించే ఇళ్లు ఇప్పటికీ కోకొల్లలు.

అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం నేను అప్పుడు తలపెట్టలేదు. తండ్రి ఎదుట ఆ అమ్మాయి "నాకేమీ వద్దు" అనేస్తుంది, అందరూ దాన్నే ఒప్పుకోలుగా రాసుకుంటారు. ఇలాంటి కుటుంబాల్లో ఆ మాట చాలాసార్లు మర్యాద, కొన్నిసార్లు కోపం. అంగీకారం అయ్యేది అరుదు. అందుకని ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను.

పెద్దమ్మాయి: "భూమి తమ్ముడిదే. వాడు లేకపోతే ఎప్పుడో అమ్ముకునేవాళ్లం. కానీ ఆ కాగితంలో చూడండి, 'తోట అభివృద్ధిలో నా పాత్ర ఏమీ లేదు' అని రాశారు. దాని కింద నేను సంతకం పెట్టను."

లాయరు తన భద్రత కోసం మామూలుగా రాసే వాక్యం అది. ఇంట్లో ఎవరూ దాన్ని చదవనే లేదు. చదివి చెప్పాల్సిన మనిషి ఆమే కదా.

కొడుకు: "అక్కకు జీతమొచ్చే ఉద్యోగం ఉంది, పెన్షన్ ఉంది. ఇరవై ఏళ్లుగా నా పేరు మీద ఒక్క జీతం చెక్కు లేదు. నన్నెవరు అడిగారు?"

పెద్దాయన: "పిల్లలు సెలవుల్లో తోటకు ఆడుకోవడానికి వచ్చేవాళ్లు. పని మేము చేశాం."

అక్కా తమ్ముళ్లు ఎదురెదురు పక్షాలని అందరూ అనుకుంటున్నారు. చూస్తే ఇద్దరి బాధా ఒకటే: చేసిన పని ఎక్కడా రాసి లేదు. భూమి ఎవరిది అన్నది దాని తర్వాతి ప్రశ్న.

అయితే చేసిన పనికి గంటల లెక్క కట్టి, అప్పటి కనీస కూలితో హెచ్చవేసి చూపిద్దామా? ఆ దారి వద్దనుకున్నాను. నలభై ఏళ్ల కిందటి గంటలు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు. చెప్పిన ప్రతి అంకె మీదా తగువే. పైగా అది కూతురు తండ్రికి వేసిన బిల్లవుతుంది. ఆయన కట్టనూ కట్టరు, క్షమించనూ క్షమించరు.

కాపీలు

దారి దొరికింది పన్ను పని మీదే. 1987 జూన్ 18కి ముందు కొన్న భూమికి మినహాయింపు పరీక్ష వేరు, తర్వాత కొన్నదానికి వేరు. మొదటి పది ఎకరాలు ఆ తేదీకి ముందువి. సాగు చరిత్ర చూపడానికి పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగితే, పెద్దాయన ఒక టిన్ను డబ్బా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టారు. నిండా స్కూలు నోటుపుస్తకాలు, ఆయన కాపీలు అంటారు. ఏడాదికొకటి. గురుముఖిలో, అంటే పంజాబీ లిపిలో, కోతగాళ్ల పేర్లు, పేరు కింద నిలువు గీతలు, గీతకొక ఫ్లాట్ (కాయ నింపిన ట్రే). కూలి డబ్బు పంచేందుకు రాసుకున్న లెక్క.

నాకు గురుముఖి రాదు. అంకెలు, తేదీలు అర్థమవుతాయి. ఆయన చదివి చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. 1986 పుస్తకంలో బీజీ పేరు కింద సోమవారం ఆరు, మంగళవారం ఏడు, బుధవారం ఆరు. శనివారం పద్నాలుగు, ఆదివారం పదమూడు. మళ్లీ సోమవారం ఆరు. జూన్ ఆఖరి వారం నుంచి ఏ రోజూ పన్నెండుకు తగ్గలేదు. పక్క మనుషుల గీతలు వారమంతా ఒకేలా ఉన్నాయి.

"శనివారం బీజీ రెండింతలు కోసేవారా అంకుల్‌జీ?" అని అడిగాను.

"శనివారం స్కూలు ఉండదుగా, పిల్లలు..." అని ఆగారు. పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. జూన్ నెలాఖరుకు ఇక్కడి స్కూళ్లు మూసేస్తారు.

నేను మాట్లాడలేదు. అర్థం చెప్పే పని నేను మొదలుపెడితే అది నా వాదన అవుతుంది. ఆయన చేత్తో రాసినదాన్ని ఆయనే చదువుకుంటే దానికి ఎదురు చెప్పేవాళ్లుండరు. పెన్సిలు ఆయనవైపు జరిపి, పిల్లల గీతలు ఎక్కడెక్కడ కలిశాయో గుర్తున్నంత వరకు పక్కన పేర్లు రాయమన్నాను, సాగు చరిత్రలో కుటుంబం శ్రమ చూపించడానికి పనికొస్తుందని. అబద్ధం కాదు, నిజంగానే పనికొస్తుంది.

ఒక పుస్తకం చివరి పేజీలో ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. గుండ్రటి చిన్నపిల్లల రాత. మొత్తం పౌన్లు, రెండో రకం కాయకు తగ్గింపు, రావలసిన డబ్బు. హెచ్చవేతలో ఒక చోట తప్పు పోయింది, కొట్టేసి మళ్లీ చేసింది.

కూతురికి ఆయనే ఫోన్ చేశారు. క్షమాపణ లాంటిదేమీ లేదు, పేర్లు సరిగ్గా రాశానో లేదో వచ్చి చూసి వెళ్లమన్నారు. ఆమె వచ్చి తప్పులు దిద్దింది. "1987 జూలైలో ఇవి నావి కాదు, తమ్ముడివి. నాకు ఆటలమ్మ పోసి ఇంట్లో ఉన్నాను." తమ్ముడు పక్కన కూర్చుని 2000 తర్వాత తన ఏళ్లు రాశాడు. చిన్నమ్మాయి వీడియో కాల్లో చేరింది. ఆమె తోటలో పెద్దగా కోసింది లేదు, ఇంట్లో మంచాన పడ్డ నాయనమ్మను చూసుకుంది. దాన్నీ రాశారు. అందరూ ఒకచోట కూర్చున్నది అప్పుడే. పిలిచింది ఆస్తి మాటకు కాదు, తప్పులు దిద్దడానికి. చెయ్యడానికి ఏదో పని ఉన్న సమావేశంలో ఈ కుటుంబాలు తేలిగ్గా మాట్లాడతాయి.

కుదిరిన ఒప్పందం

ఆ పట్టికను మేం డాలర్లలోకి మార్చలేదు. బదిలీ ఒప్పందం మొదటి పేజీలో, తోట ఎవరెవరి శ్రమతో నిలిచిందో చెప్పే పీఠికగా చేర్చాం. లాయరుకు అది అనవసరం అనిపించింది. పాత వాక్యం కొట్టేసి దీన్ని పెట్టకపోతే సంతకం రాదని చెబితే ఒప్పుకున్నాడు.

భూమి కొడుక్కి. తల్లిదండ్రులకు ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు, దాన్ని టైటిల్ (భూమి హక్కు రికార్డు) మీద రిజిస్టరు చేయించాం. పెద్దాయన ఆరోగ్యానికి జీవిత బీమా దొరకదు, కాబట్టి ఆడపిల్లల వాటాకు ఆ దారి మూసుకుపోయింది. మిల్లు డబ్బుతో 90ల్లో కొన్న టౌన్‌హౌస్ పెద్దమ్మాయికి. చిన్నమ్మాయికి తల్లిదండ్రుల బ్యాంకు పొదుపులో పెద్ద భాగం. ఇవి కలిపినా తోటకు సాటి రావు, ఆ సంగతి దాచలేదు. ఆ తేడాకు రెండు షరతులు పెట్టాం.

ఒకటి, పదిహేనేళ్ల లోపు తోట అమ్మితే అప్పులు పోగా వచ్చినదాంట్లో అక్కాచెల్లెళ్లకు వాటా. మొదటి ఏళ్లలో ఎక్కువ, పోనుపోను తక్కువ. మాట మీద వదలకుండా భూమి మీద తాకట్టుగా రిజిస్టరు చేశాం, బ్యాంకు తాకట్టు తర్వాతి వరసలో. ఎందుకంటే సాగు చేసుకుంటానంటే తక్కువకు ఇవ్వడంలో న్యాయముంది. ఇళ్ల స్థలాల ధరకు అమ్ముకుంటే ఆ న్యాయం ఉండదు. ఎకరం లక్ష డాలర్లు దాటిన చోట ఆ ఆశ ఎవరికైనా పుడుతుంది.

రెండోది, ఏటా ఇద్దరికీ ఒక చిన్న మొత్తం. స్థిరమైన కిస్తీ పెట్టలేదు, పౌను ధరకు కట్టాం. ప్రాసెసర్ ఇచ్చిన సగటు ధర డాలరు పావలా లోపుంటే ఆ ఏడు ఏమీ ఇవ్వక్కర్లేదు, బాకీ కిందా రాదు. స్థిరమైన కిస్తీ అయితే 2021 లాంటి ఏడాదిలో తమ్ముడు ఎగ్గొట్టినవాడవుతాడు, అక్క అడగలేక లోపల పెట్టుకుంటుంది. ధర అయితే ఇద్దరికీ బయట కనిపించే సంగతి.

సంతకాలకు ముందు ఆడపిల్లలిద్దరూ తమ సొంత లాయర్లకు చూపించుకున్నారు. పెద్దాయనకు అది అవమానంగా తోచింది. "నా కూతురు నా మీద లాయర్ని పెట్టుకుంటుందా?" అన్నారు. ఆమెకు విడిగా సలహా దొరికిందని రుజువుంటేనే రేపు కోర్టులో ఈ కాగితం నిలబడుతుందని, అది కొడుకును కాపాడేదని చెప్పాక తగ్గారు. కొడుకు క్షేమం అన్న మాట ఆయన దగ్గర ఎప్పుడైనా పనిచేస్తుంది. అది నాకు కొంచెం చిరాకే, కానీ వాడుకున్నాను.

అప్పు వచ్చింది. ఎనిమిదెకరాల్లో పాత మొక్కలు పీకేశారు.

తేలనిది కోడలి సంగతి. పిల్లల పట్టిక రాస్తున్నప్పుడు ఆమె టీ పోస్తూ తిరుగుతోంది. 2004 నుంచి మెషీన్ మీద ఎవరు నిలబడ్డారని పెద్దమ్మాయే అడిగింది. అప్పుడు ఆమె పేరూ ఎక్కింది. విడిగా మాట్లాడితే ఆమె అడిగింది ఒకటే: నెల జీతం, తన పేరు మీద పే స్లిప్పు. కెనడా పెన్షన్ ప్లాన్‌లో తనకంటూ జమ పడాలని. అది వెంటనే మొదలుపెట్టాం, కొడుక్కి కూడా. కానీ భూమి టైటిల్ మీద భర్త పక్కన ఆమె పేరు ఉండాలా అన్నదానికి పెద్దాయన ఒప్పుకోలేదు, కొడుకు తేల్చలేదు. ఇక్కడి కుటుంబ చట్టం ప్రకారం కానుకగా వచ్చిన భూమి భర్తదే, కాపురంలో ఉండగా పెరిగిన విలువలో మాత్రం భార్యకు భాగం ఉంటుంది. బదిలీ రోజు విలువ ఎంతో ఇప్పుడే మదింపు చేయించి ఫైల్లో పెట్టాను. కొత్త మొక్కలు కాపుకొచ్చి బ్యాంకు అప్పు తిరగరాసే సమయానికి ఆ ప్రశ్న మళ్లీ బల్ల మీదికి వస్తుంది. ఆమెకూ ఆ మాట చెప్పాను, అందరి ముందే.